ఇసుక వేరు, దుబ్బ వేరు

2019 వేసవి. బస్సు డిపోలో మెకానిక్‌గా రిటైరై, మహబూబ్‌నగర్‌లో మా ఇంటి ముందు రేకుల షెడ్డు వేసుకుని మోటారు సైకిళ్లు బాగుచేస్తున్న రోజులు. అచ్చంపేట నుంచి సునీత అనే అమ్మాయి తన ఆఫ్‌రోడ్ బండి తీసుకొచ్చింది. కిందటేడు రాజస్థాన్ ఎడారి ర్యాలీలో ఆ బండి ఊపిరాడనట్టు దగ్గి సగం దారిలో ఆగిపోయిందట. ఈసారీ ఆగితే అమ్మేస్తానని తల్లికి మాటిచ్చి వచ్చింది.

నిలబడి నడపడానికి వీలుగా హ్యాండిల్ ఎత్తు పెంచాను. పెద్ద ట్యాంకు బిగించి, ఆ బరువుకు తగ్గట్టు సస్పెన్షన్, అంటే కుదుపులు మింగే స్ప్రింగుల అమరిక, సరిచేశాను. ఆలంపూర్ దగ్గర ఎండిన తుంగభద్ర ఇసుకలో పరీక్ష పెట్టాం. పొద్దంతా తిప్పినా బండి మొరాయించలేదు.

"పాసైంది బిడ్డా!" అన్నాను.

సునీత తల అడ్డంగా ఊపింది. "గిది ఏటి ఇసుక కాకా. ఆడ, ర్యాలీల, దుబ్బ గూడ ఉంటది."

"రెండూ ఒక్కటే గదా?"

"ఎట్లయితది? ఇసుక టైరును పట్టుకుంటది. దుబ్బ గొంతు పట్టుకుంటది."

పిండిలాంటి మెత్తటి మన్నును మా వైపు దుబ్బ అంటాం. మాట పాతదే, దాన్ని ఇంజనుతో కలిపి ఆలోచించడమే కొత్త.

మరునాడు అచ్చంపేటలో సునీత వాళ్ల చేలదారికి వెళ్లాం. ముందు ట్రాక్టరు, అది లేపిన దుబ్బలో సునీత. కాసేపటికే ఇంజను దగ్గింది. ఎయిర్ ఫిల్టర్, అంటే ఇంజను పీల్చే గాలిని వడకట్టే స్పాంజి, విప్పితే ఎర్రటి ముద్ద. కిందటేటి జబ్బు దొరికింది.

పోటీలో మాటిమాటికీ స్పాంజి కడిగే తీరిక ఉండదు. పైన పల్చటి తొడుగుంటే, దాన్ని లాగేసి ఇంకోటి వేసుకోవచ్చు. నూలు గుడ్డతో చూశాను. దుబ్బ అంటుకోవడానికి పట్టించే నూనె తగలగానే ముద్దయి గాలిని ఆపేసింది. సునీత తల్లి పాత నైలాన్ చీర తెచ్చి నా ముందు వేసింది.

"పల్లికాయ కొట్టేటప్పుడు దుబ్బ పోకుండ ముక్కుకు గిదే కట్టుకుంటం అన్నా. నీ బండి ముక్కుకు గూడ కట్టు, సిగ్గుపడకు."

చీరను కోసి తొడుగులు కుట్టి, నూనె పట్టించి, మళ్లీ ట్రాక్టరు వెనక పంపాను. పొద్దు గూకేదాకా ఇంజను గొంతు మారలేదు. తొడుగు ఎర్రబడింది, లోపలి స్పాంజి శుభ్రంగా ఉంది.

ఆ ఏడు సునీత ర్యాలీ చివరిదాకా వెళ్లింది. మెడల్ తెచ్చి నా మెడలో వేస్తుంటే తల్లి అడ్డుపడింది. "చీర నాది, మెడల్ గాయనకా?"

న్యాయమే. ఆమె మెడలోనే వేయించాను. మిగిలింది నా గర్వం, అది ఇప్పటికీ ఎవరికీ ఇవ్వలేదు.

అప్పటి నుంచి ఏ బండినీ అది బాగా పోయే దారిలో పరీక్షించను. కిందటిసారి ఎక్కడ ఆగిందో అడిగి, మొదట అక్కడికే తీసుకుపోతాను.