నా ఊపిరితిత్తికి ఎంత ర్యాంకు?

దిల్‌సుఖ్‌నగర్‌లో ఒక కోచింగ్ సెంటర్లో ముప్పయ్యేళ్ళు ఫిజిక్స్ చెప్పాను. ఫిజిక్స్ చాలామంది చెబుతారు. నాకు పేరొచ్చింది మాత్రం జోస్యానికి. ఎంట్రన్సు ఫలితాలకు రెండు రోజుల ముందు మా స్టాఫ్ రూములో ఒక ఆచారం ఉండేది. ఏ విద్యార్థికి ఎంత ర్యాంకు వస్తుందో ఒక్కో లెక్చరరూ చీటీ మీద రాసి, కవర్లో పెట్టి, జిగురు అంటించి కెమిస్ట్రీ సారుకి ఇచ్చేవాళ్ళం. ఆయన వాటిని బీరువాలో దాచేవాడు. ఫలితాలు వచ్చాక కవర్లు విప్పేవాళ్ళం. అందరికంటే దూరంగా చెప్పినవాడు మిగతావాళ్ళకి మిర్చి బజ్జీలు తినిపించాలి. నేను బజ్జీలు తిన్న రోజులే నాకు గుర్తున్నాయి. తినిపించిన రోజులు మా ఆవిడకి గుర్తున్నాయి.

అలాంటి నాకు, రిటైరైన రెండో ఏట, ఊపిరితిత్తిలో క్యాన్సర్ అని తేలింది. అది తేలిన పద్ధతి కూడా సవ్యంగా లేదు. ఎల్బీ నగర్ చౌరస్తా దాటుతూ స్కూటరుతో సహా గుంతలో పడ్డాను. ఎవరు తీసిన గోతిలో వారే పడతారని సామెత. నేను మాత్రం ఎవరో తీసిన గోతిలో పడ్డాను. పక్కటెముక విరిగిందేమోనని ఎక్స్‌రే తీస్తే ఎముక నిక్షేపంగా ఉంది, దాని వెనక చిన్న మచ్చ కనిపించింది. ఆ తర్వాత స్కాన్లు, సూదితో ముక్క తీయడాలు, చివరికి ఆపరేషన్. ఎడమ ఊపిరితిత్తిలో పై భాగం తీసేశారు.

మొదటి దశలోనే దొరికింది, అదృష్టవంతులు అన్నారు అందరూ. అదృష్టం నాది కాదు, ఆ గుంతది. అందుకని అటు వెళ్ళినప్పుడల్లా స్కూటరు నెమ్మది చేసి దానికి దండం పెట్టుకునేవాణ్ణి. వెనక ఆటోవాళ్ళు హారన్లు కొట్టి నోటికొచ్చినట్టు తిట్టేవాళ్ళు. ఆ మధ్య దాన్ని పూడ్చి పైన తారు వేసేశారు. ఊరంతా సంతోషించింది. నాకు మాత్రం మా ఇలవేల్పుని ఎవరో ఎత్తుకుపోయినంత కోపం వచ్చింది.

ఆపరేషన్ అయిన మూడు వారాలకి, ఆపరేషన్ చేసిన డాక్టరమ్మ రిపోర్టు ముందేసుకుని కూర్చుంది. ముప్పై అయిదేళ్ళకి మించి ఉండవు. నేను ఒకే ఒక్క ప్రశ్న అడిగాను.

"అమ్మా, ఇది మళ్ళీ వస్తుందా, రాదా?"

"గడ్డ చిన్నది సార్. కోసిన అంచుల్లో ఏమీ మిగల్లేదు. చుట్టూ ఉన్న గ్రంథుల్లోకి పాకలేదు. ఒక్కటే, ఊపిరితిత్తి పైపొరని కొంచెం తాకింది. అందుకని ఆర్నెల్లకోసారి స్కాన్ చేసి చూసుకుందాం."

నేను జేబులోంచి కాగితం తీసి సబ్జెక్టులవారీగా మార్కులు వేసుకున్నాను. సైజుకి ఫుల్ మార్కులు. అంచులకి ఫుల్. గ్రంథులకి ఫుల్. పైపొర దగ్గర కోత పడింది.

"మొత్తమ్మీద ర్యాంకు ఎంతలోపు రావచ్చమ్మా?"

ఆ అమ్మాయి మా ఆవిడ వైపు చూసింది. మా ఆవిడ తల అడ్డంగా ఊపి, పట్టించుకోవద్దన్నట్టు సైగ చేసింది.

"సార్, మీలాంటి వాళ్ళని ఒక గదినిండా కూర్చోబెడితే, ఎక్కువమందికి మళ్ళీ రాదు, కొందరికి వస్తుంది అని చెప్పగలను. మీరు ఏ వరసలో కూర్చున్నారో చెప్పలేను. చెబితే అది నా ఊహ అవుతుంది."

నాకు ఒళ్ళు మండింది. ఊహ చెప్పడానికేం రోగం? ముప్పయ్యేళ్ళు నేను చెప్పలేదూ? బయటికొచ్చి, "ఈ అమ్మాయికి సబ్జెక్టు రాదు," అన్నాను.

"మిమ్మల్ని కోసి, కుట్టి, నడిపించి ఇంటికి పంపింది. ఇంకేం రావాలండీ?" అంది మా ఆవిడ.

డాక్టరు చెప్పకపోతే నేనే చెప్పుకుందామని ఇంట్లో ఒక లాంగ్ నోట్‌బుక్ పెట్టాను. రోజూ గ్రాఫు గీసేవాణ్ణి. పొద్దున ఇడ్లీ మెత్తగా ఉంటే ఇక రాదనిపించి గీత పైకి పోయేది. పోపు ఘాటుకి రెండుసార్లు దగ్గితే వచ్చేసిందనిపించి కిందికి దిగేది. అది చూసి మా ఆవిడ పోపులో మిరపకాయ మానేసింది. పప్పు చప్పబడింది. దానికీ విసుక్కున్నాను.

పక్కింటావిడది హయత్‌నగర్. ఒకరోజు గోడ మీంచి నన్ను పలకరించింది. "పరేషాన్ గాకుండ్రి సార్. మా మేనత్తకు గూడ గిట్లనే అయింది. దవాఖానల ఆపరేషన్ చేసిన్రు. మల్ల రానే రాలే."

నాకు ప్రాణం లేచొచ్చింది. "ఇప్పుడెలా ఉన్నారండీ ఆవిడ?"

"యాడుంది సార్, పోయింది."

"అయ్యో! ఎలా?"

"రోడ్డు దాటుతుంటె లారీ గుద్దింది. కానీ గది మాత్రం మల్ల రాలే!"

ఇంట్లోకొచ్చి ఆ మేనత్తని మళ్ళీ రానివాళ్ళ వరసలో రాసుకున్నాను. ఉదాహరణ ఉదాహరణే కదా.

ఇంతలో మా ఫ్రిజ్ ముసలిదైపోయింది. తలుపు పడకపోతే తాడు కట్టాం. అడుగున నీళ్ళు కారితే తువ్వాలు పరిచాం. మధ్యాహ్నం పూట పూనకం వచ్చినట్టు ఊగేది. కొత్తది కొందామని మా ఆవిడ అడిగినప్పుడల్లా, "స్కాన్ అవనీ, చూద్దాం," అనేవాణ్ణి. ఫ్రిజ్‌కీ స్కాన్‌కీ ఏమిటి సంబంధమని ఆవిడ అడిగేది, నేను పేపరు చదువుకునేవాణ్ణి. సంబంధం ఉంది. కొత్త ఫ్రిజ్‌కి పదేళ్ళ గ్యారంటీ ఇస్తారు. ఆర్నెల్ల గ్యారంటీ లేని మనిషి ఏ మొహం పెట్టుకుని దాన్ని కొంటాడు? అప్పట్లో నేను టూత్‌పేస్టు కూడా చిన్నదే కొనేవాణ్ణి.

మొదటి స్కాన్ ఇంకో వారం ఉందనగా, పొద్దున పార్కులో నడక అయ్యాక పాత స్నేహితులతో కూర్చున్నాను. ఒకాయన నల్లగొండ నుంచి వచ్చిన ఆ కెమిస్ట్రీ సారే. ఇంకొకాయన మా గుంటూరు వైపు బోటనీ సారు. "ఈసారి నా స్కాన్ మీద కవర్లు పెడదాం," అన్నాను.

కెమిస్ట్రీ సారు లేచి నిలబడ్డాడు. "మనిషివేనా సార్ నువ్వు? గీ దాని మీద గూడ కవర్లా?"

"ఆచారం ఆచారమే."

"నోరు జర మంచిగ పెట్టుకో సార్."

బోటనీ సారు కాసేపు ఆలోచించి, "మరి బజ్జీలు ఉంటాయా?" అని అడిగాడు. ఉంటాయన్నాను. ఆయన ఒప్పుకోవడంతో కెమిస్ట్రీ సారు కూడా దిగొచ్చాడు. ఇంటికెళ్ళి చెబితే మా ఆవిడ తానూ కవరు పెడతానంది. ఆవిడ కవరు లావుగా ఉంది. చీటీ రాశావా, వ్యాసం రాశావా అని ఎగతాళి చేశాను.

నా చీటీలో నేను 'వస్తుంది' అని రాశాను.

స్కాన్ రోజు డాక్టరమ్మ కంప్యూటర్లో బొమ్మలు చాలాసేపు తిప్పింది. నేను మా ఆవిడ చెయ్యి పట్టుకున్నానని తర్వాత తెలిసింది, గాజు నొక్కుకుని నా అరచేతిలో గుర్తు పడింది.

"ఏమీ లేదు సార్. శుభ్రంగా ఉంది."

"అంటే ఇక రాదా?"

"ఇవాళ లేదు. మళ్ళీ ఆర్నెల్లకి చూద్దాం."

సాయంత్రం దిల్‌సుఖ్‌నగర్‌లో మా పాత బజ్జీల బండి దగ్గర నలుగురం చేరాం. కెమిస్ట్రీ సారు వరసగా కవర్లు విప్పాడు. బోటనీ సారు చీటీలో 'రాదు' అని ఉంది. కెమిస్ట్రీ సారుది, 'రాదు. వస్తే నేను ఊకోను.' ఎవరి మీద ఊరుకోడో రాయలేదు. నా కవరు నేను మెల్లగా జేబులోకి జార్చుకోబోయాను. ఆయన లాక్కుని విప్పాడు. చదివి, పైకి చదవకుండా మా ఆవిడకి అందించాడు.

"ఎందుకు రాసినవ్ సార్ గట్ల?"

"భయమేసింది," అన్నాను. ఆపరేషన్ అయినప్పట్నుంచీ ఆ మాట ఎవరితోనూ అనలేదు. "ఒకవేళ వస్తే, కనీసం జోస్యమైనా నిజమవుతుందని."

మా ఆవిడ చీటీ మడిచి తన పర్సులో పెట్టుకుంది. కళ్ళు తుడుచుకుని బండివైపు తిరిగింది. "బాబూ, ఇంకో రెండు ప్లేట్లు వెయ్యి. ఈయనే తినిపిస్తున్నారు." బోటనీ సారు మొహం వెలిగిపోయింది.

చివరికి మా ఆవిడ కవరు. అందులోంచి నాలుగు మడతలు పెట్టిన రంగు కాగితం బయటికొచ్చింది. విప్పితే ఫ్రిజ్‌ల ప్రకటన. మెరూన్ రంగు దాని చుట్టూ సున్నా చుట్టి ఉంది. పదేళ్ళ గ్యారంటీ అన్నచోట కింద రెండు గీతలు.

"ఇది జోస్యం కాదు," అన్నాను.

"మీకంటే దగ్గరగానే చెప్పానులెండి," అంది.

మర్నాడు ఎల్బీ నగర్ వెళ్ళాం. నా గుంత ఉండిన చోట స్కూటరు ఆపబోతే వెనక్కూర్చున్న మా ఆవిడ వీపు మీద ఒకటి చరిచింది. షాపులో మెరూన్ ఫ్రిజ్‌ని ఎడం వైపు నుంచీ, కుడి వైపు నుంచీ చూసి, పది సార్లు తలుపు తీసి వేసి ఆవిడ సరేనంది. షాపతను గ్యారంటీ కార్డు తీశాడు.

"ఎవరి పేరు మీద రాయమంటరు సార్?"

మా ఆవిడ పేరు చెబుదామని నోరు తెరిచాను.

"ఈయన పేరే రాయండి," అంది ఆవిడ ముందుగానే. నా వైపు తిరిగి, "తొమ్మిదో ఏట ఇది చెడిపోతే వీళ్ళతో పోట్లాడ్డానికి ఎవరొస్తారు? నాకు పోట్లాడ్డం చేతకాదు," అంది.

షాపతను పెన్ను పట్టుకుని చూస్తున్నాడు. నేను ఇంటిపేరుతో సహా నా పేరు చెప్పాను, తప్పు రాస్తాడేమోనని రెండోసారి కూడా చెప్పాను.