ఎత్తకూడని ఫోను

పలక పట్టాల్సిన వయసులో నేను దూదిలో గింజలు ఏరేదాన్ని. నంద్యాలలో మాది పరుపులు కుట్టే ఇల్లు. నాయన దూది ఏకుతుంటే అక్కా నేనూ చెరో పక్క కూర్చునేవాళ్లం. ఆడపిల్లలకు చదువు వద్దని నాయన ఎన్నడూ అనలేదు. మా ఇంట్లో ఆ మాట ఎత్తినవాళ్లే లేరు. తర్వాత పెళ్లి, బిడ్డ, మళ్లీ అదే దూది. జుట్టు నెరిశాక, పొదుపు సంఘంలో సాయంత్రాలు చెప్పే చదువుకు వెళ్లి అక్షరాలు నేర్చుకున్నాను. అందుకే ఇది ఇన్నాళ్లకు రాస్తున్నాను.

అక్కను ఆళ్లగడ్డలో ఇచ్చారు. బావ రాతి విగ్రహాలు చెక్కేవాడు. అక్క వాటిని ఉప్పుకాగితంతో నున్నగా రుద్దేది. ఆ దుమ్ము బావను ముందే తీసుకుపోయింది. అక్క గుండెల్లోనూ పేరుకుంది. నాలుగు మాటలు మాట్లాడితే ఆమెకు ఆయాసం. అందుకని మా మధ్య ఫోను మాట్లాడటానికి కాదు, మోగటానికే. పొద్దున్నే అక్క ఫోను మోగించి పెట్టేస్తుంది. బాగున్నానని అర్థం. నేను ఎత్తను. వెంటనే మళ్లీ మోగిందంటే, ఉన్నపళంగా రమ్మని.

ఈమధ్య నా కూతురు నాకు కొత్త ఫోను తెచ్చింది. బ్యాంకు పేరు చెప్పి మోసగాళ్లు విసిగిస్తున్నారని అందులో ఒక ఏర్పాటు చేసింది. తెలియని నంబరు నుంచి వస్తే మోగకుండానే ఫోనే ఎత్తి, ఎవరు, ఏం పని అని అడిగి, జవాబు రాసిపెడుతుందట.

"ఇంక ముందర అన్నీ ఇట్లే మా. కరెంటు బిల్లు కట్టల్లన్నా, డాక్టరు చీటీ తీసుకోవల్లన్నా నోటితో చెప్తే సాలు. నొక్కే పనే ల్యా."

"నేను సదువు నేర్సుకునిందే ఇప్పుడు గదే! అప్పుడే దాంతో పనిల్యాకుండా చేస్తాండారా?"

"నీ సదువు నువ్వు సదువుకో. ఫోను సంగతి ఫోను సూసుకుంటాది."

ఇద్దరం నవ్వుకున్నాం. పాత ఫోనులోని పేర్లు రేపు ఎక్కిస్తానంది.

తెల్లారింది. ఫోను మోగలేదు. పొద్దెక్కినా మోగలేదు. తీసి చూస్తే ఒక నంబరు కనిపించింది. అక్కదే, పేరింకా ఎక్కలేదు. దాని కింద ఉన్నది కూడబలుక్కుని చదివాను. 'పిలిచినవారు మాట్లాడలేదు.' ఆ కింద మళ్లీ అదే నంబరు, అదే మాట.

సూది పరుపులోనే వదిలేసి బస్టాండుకు వెళ్లాను. శిరివెళ్ల దగ్గర ట్రాక్టర్లు అడ్డం వచ్చి బస్సు ఆగితే, దిగి నడుద్దామా అనిపించింది. దారిపొడుగునా అక్కకు చేస్తూనే ఉన్నాను. ఎత్తలేదు. మా అలవాటే అది కదా. ఎత్తలేకపోయిందో, ఎత్తకూడదని ఎత్తలేదో నాకెలా తెలుస్తుంది?

అక్క గోడకు ఆనుకుని కూర్చుని ఉంది. పెదవులు నల్లబడ్డాయి. పక్కింటామె వీపు నిమురుతోంది. నన్ను చూసి అక్క మొహం తిప్పుకుంది.

"ఎవురు నువ్వని... అడుగుతావా నన్ను?"

"నేను యాడ అడిగినానక్కా! అది ఫోను మాట్లాడింది."

"సదువొచ్చె గదా నీకు. శుద్ధంగా మాట్లాడతాంటే... నువ్వే అనుకుంటి."

"ఆయాసానికి కాదమ్మా ఈయమ్మ ఏడ్సింది," అంది పక్కింటామె. "'నా చెల్లెలికి నేను ఎవురో తెలీదంట' అని ఒగటే ఏడుపు. నేనే డాక్టరును పిలిపించి సూది ఏయిస్తి."

అక్క పాదాలు నా ఒడిలో పెట్టుకుని కూర్చున్నాను. రాబోయే ఫోన్లన్నీ మనల్ని మాట్లాడమనే అడుగుతాయి. మంచిదే. అక్షరాలు రానివాళ్లకు ఒకరిని బతిమాలే బాధ తప్పుతుంది. కానీ మాటకు ఊపిరి చాలనివాళ్లు ఏం చెప్పుకుంటారు? ఆ ఫోను అబద్ధమేమీ రాయలేదు. అక్క నిజంగానే మాట్లాడలేదు.

సాయంత్రం అక్కడినుంచే కూతురికి ఫోను చేసి సంగతంతా చెప్పాను. "నువ్వు ఇంటికి రాంగానే తీసేస్తా మా," అంది.

"తీసెయ్. రేపు తీసేదానికి వీల్లేనిది వస్తాది. అప్పుడేం చేస్తాం?" అన్నాను.

మర్నాడు పొద్దున, వద్దు వద్దంటున్నా వినకుండా అక్కను నంద్యాల బస్సెక్కించి పెద్దాసుపత్రికి తీసుకువెళ్లాను. చీటీ రాసే అమ్మాయి పేరేమిటి, బాధేమిటి అని అడిగింది. అక్క నోరు తెరవబోతే చెయ్యి పట్టి ఆపి, అన్నీ నేనే చెప్పాను.