ఆరు కొట్టగానే లేచే పిల్ల

ఆ పిల్ల మీద నాకు కక్ష ఎందుకు పుట్టిందో దాచకుండా చెబుతాను. ఉద్యోగంలో చేరిన మొదటి రోజే, ఇంకా కుర్చీ దుమ్మయినా తుడుచుకోకుండా, "సాయంత్రం ఎన్నింటికి వదులుతారు మేడం?" అని అడిగింది. ఇరవై నాలుగేళ్ళ సర్వీసులో నేను ఎవర్నీ ఆ ప్రశ్న అడిగిన పాపాన పోలేదు. "ఆరింటికి" అన్నాను పళ్ళు నూరుకుంటూ. ఆరు కొట్టిందో లేదో, పెన్నుకు మూత పెట్టి, సంచీ భుజాన వేసుకుని, "వస్తానండీ" అని చక్కా పోయింది. ఆ రోజే దానికి ఆరుగంటల మహారాణి అని పేరు పెట్టాను.

మాది మందుల సీసాలకు అంటించే లేబుళ్ళు అచ్చువేసే ప్రెస్సు. అచ్చుకు వెళ్ళేముందు ప్రతి కాగితాన్నీ ఇద్దరు కూర్చుని చూడాలి. ఒకరు మందుల కంపెనీ పంపిన అసలు ప్రతిని అక్షరం అక్షరం పైకి చదువుతారు. రెండోవారు అచ్చుప్రతి మీద స్కేలు జరుపుకుంటూ వరసవరసా సరిచూస్తారు. మొదలుపెట్టిన కాగితాన్ని మధ్యలో ఆపకూడదు. ఆపితే మళ్ళీ మొదటికి రావాలి. ఇది ఎక్కడా రాసిలేదు గానీ మా ప్రెస్సులో వేదవాక్కు. మా అమ్మాయి బళ్ళో మొదటిసారి స్టేజీ ఎక్కి పాట పాడిన సాయంత్రం నేను ఇక్కడ దగ్గుమందు లేబులు చదువుతూ కూర్చున్నాను. తలుచుకుంటే ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది. మరి నేను పడ్డ పాట్లు, నిన్నగాక మొన్న డిగ్రీ పుచ్చుకున్న ఈ పిల్ల ఎందుకు పడకూడదు?

అందుకే రోజూ ఐదుంబావుకు ఓ పొడుగాటి కాగితం బయటికి తీసేదాన్ని. చదివితే గంటన్నరకు తక్కువ పట్టనిది.

"ఇది ఆరింటికి తెమలదండీ. రేపు ఎనిమిదింటికే వస్తాను. మీరూ రండి, పెందలాడే అయిపోతుంది" అనేది.

"నువ్వు రమ్మంటే నేను రావాలా?"

"అయ్యో, అలా కాదండీ. సాయంత్రం నాకు ఈత క్లాసు ఉంది."

ఈతట! జ్వరమనో, ఇంట్లో ఎవరికో బాగాలేదనో అబద్ధమైనా ఆడితే క్షమించేదాన్నేమో. ఓసారి నిలదీశాను. "పని ఉన్నంతసేపూ మనసుపెట్టి చేస్తున్నాను కదండీ. ఆ తర్వాత టైము నాది" అంది, నవ్వుతూ. ఆ నవ్వు చూస్తే నాకు ఒళ్ళంతా కారం రాసుకున్నట్టయ్యింది.

మా అమ్మాయిదీ ఆ పిల్ల ఈడే. ఆ ఏడే చదువు ముగించి వేరే ఆఫీసులో చేరింది. అక్కడా మా ప్రెస్సులోలాగే ఆరు నెలలు చూసి, నచ్చితేనే ఖాయం చేస్తారు. మా అమ్మాయి ఆరున్నరకల్లా ఇల్లు చేరితే నాకు మహా సంబరంగా ఉండేది. పిల్ల ఒంట్లో ఓపిక ఉండాలి కదా అనేదాన్ని. ఇల్లు వేరు, ఆఫీసు వేరు అని సర్దిచెప్పుకున్నాను. నా కూతురు, నా ఇష్టం.

ఇంతలో ఒక లేబులు తప్పుతో అచ్చయి వెనక్కి వచ్చింది. మేనేజరు అందర్నీ కూర్చోబెట్టి, ఎందుకిలా అవుతోందని అడిగాడు. అందరం తలలు దించుకున్నాం. మహారాణి మాత్రం నోట్‌బుక్ తెరిచింది.

"ఏడాదిలో పదకొండు తప్పులు బయటికి పోయాయి సార్. రిజిస్టరు చూశాను. అందులో తొమ్మిది, ఆరు దాటాక చదివిన కాగితాలే. మేడం తప్పేం లేదండీ, పాపం కళ్ళు అలిసిపోతాయి కదా."

ఆ తొమ్మిది కాగితాల మీదా సంతకం నాదే. మేనేజరు నా వంక అదోలా చూశాడు. నాకు తల కొట్టేసినంత పనైంది. తప్పేం లేదట, పాపమట! దాని జాలి ఎవడిక్కావాలి? ఉండవే, నీ పని చెబుతా అనుకున్నాను.

అవకాశం వారం తిరక్కుండానే నా కాళ్ళ దగ్గరికి వచ్చింది. దానికి ఆరు నెలలు నిండాయి. ఖాయం చేయాలా వద్దా అన్న ఫారం మీద అభిప్రాయం రాయాల్సింది నేనే. నేను ఏం రాస్తే మేనేజరు దానికింద సంతకం పెట్టేస్తాడు. పొద్దున్నే తీరిగ్గా కూర్చుని రాశాను. "తెలివి ఉంది. ధ్యాస పని మీద లేదు, గడియారం మీద ఉంది. మనకు పనికిరాదు." గుండ్రటి అక్షరాలతో, ఒక్క కొట్టివేత లేకుండా.

మధ్యాహ్నం దాన్ని లోపలికి పిలిచారు. బయటికి వచ్చేసరికి మొహంలో నెత్తురుచుక్క లేదు. తిన్నగా నా దగ్గరికే వచ్చింది.

"నా పనిలో ఏం లోపం కనిపించింది మేడం? ముందే చెబితే దిద్దుకునేదాన్ని కదా."

"అది నీకే తెలియాలి" అన్నాను, కాగితం మీంచి తలెత్తకుండా.

మూడున్నరకు వెళ్ళిపోయింది. ఈతకు ఇవాళ ఇంకా పెందలాడే పోవచ్చులే అనుకున్నాను. ఆ పూట నాకు ప్రాణం ఎంత హాయిగా ఉందో చెప్పలేను. ఇంటికి వస్తూ దారంతా కూనిరాగాలు తీశాను.

రాత్రి ఎనిమిదింటికి అన్నం కలుపుకుంటూ ఉంటే, మా అమ్మాయి పళ్ళెం ముందు కూర్చుని ఒక్క ముద్దా ఎత్తలేదు.

"ఏమైందే?"

"ఉద్యోగం పోయిందమ్మా. మా సెక్షన్ ఆవిడ నాకు శ్రద్ధ లేదని రాసిందట. ఒక్క పనీ పెండింగ్ పెట్టలేదమ్మా నేను. ఆరు దాటాక ఉండనన్నానని, అంతే."

నా రక్తం ఉడికిపోయింది. "దాని మొహం మండ! రాసిన చెయ్యి పడిపోను! పసిదాని కడుపు కొట్టి ఏం బావుకుంటుందట? దాని కడుపున పుట్టినదానికి ఎవరైనా ఇలాగే చేస్తే తెలుస్తుంది! రేపు నేనే వస్తా. నలుగురిలో నిలబెట్టి కడిగేస్తా. నా బిడ్డ పనిలో ఏం లోపం కనిపించిందే నీకు అని..."

అక్కడే నా గొంతు ఆగిపోయింది.

"వద్దులే అమ్మా" అంది మా అమ్మాయి, కళ్ళు తుడుచుకుంటూ. "ఆవిడకేం పట్టింది? ఈపాటికి ఇంట్లో హాయిగా అన్నం తింటూ ఉంటుంది."

నా చేతిలో కలిపిన ముద్ద అలాగే ఉంది. నోట్లో పెట్టుకోలేను, కింద పెట్టలేను.