పక్కింటి స్వరకర్త

ఐర్లండులోని నేవన్ ఊళ్ళో మా పక్కింటాయన పోలండు దేశపు స్వరకర్త. ఆయన సింఫనీలను పెద్ద పెద్ద హాళ్ళలో వాయించేవారట. నేనేమో ఆదివారం పూట వయొలిన్ పట్టుకునే సాఫ్ట్‌వేరు ఉద్యోగిని, అంటే అపస్వరకర్తని.

లాక్‌డౌన్‌లో విమానాలు ఆగిపోయినప్పుడే పోలండులో వాళ్ళమ్మ పోయింది. శుక్రవారం అంత్యక్రియలు. తాను వెళ్ళలేకపోయినా, ఆవిడ కోసం రాసిన సంగీతం వెళ్ళి తీరాలని పట్టుబట్టాడు. చెల్లో, అంటే ఆ పెద్ద వయొలిన్, తనే వాయిస్తాడు. గడప దాటి దూరం పోకూడని ఆ రోజుల్లో ఆయనకు దొరికిన వయొలిన్ నాదొక్కటే.

పెరటి గోడకు అటు ఆయన, ఇటు నేను, గోడ మీద రికార్డు చేసే ఫోను. నేను వాయించడం ఆపగానే పెన్సిల్‌తో గోడను తట్టి, "గ్రాండ్. మళ్ళీ!" అనేవాడు. ఆ గ్రాండ్ మెచ్చుకోలు కాదని, ఐర్లండు వాళ్ళ 'సరేలే' మాత్రమేనని నాకు మూడోసారికి గాని తెలియలేదు.

చిక్కంతా నా గమకాలతోనే. చిన్నప్పుడు కర్ణాటక సంగీతం నేర్చిన వేళ్ళు ప్రతి స్వరాన్నీ ఊపేసేవి.

"ఊపొద్దు. గీత గీసినట్టు నిలపండి," అనేవాడాయన.

"ఏమండీ, ఒక్క స్వరం కదలకుండా పట్టుకోలేరూ? పాపం, తల్లి పోయిన మనిషి!" వంటింట్లోంచి మా ఆవిడ.

గురువారం సాయంత్రం, పదహారోసారి, ఊపిరి బిగబట్టి ఆఖరి స్వరాన్ని తిన్నగా నిలిపాను. ఈసారి వణికింది చెల్లో.

"ఇంకోసారి వాయిద్దామా?" అన్నాను నెమ్మదిగా.

ఆయన కళ్ళు తుడుచుకుని ఫోను అందుకున్నాడు.

"వద్దు. నా చెయ్యి అమ్మకి తెలుసు," అని అదే పంపేశాడు.