పదకొండు సంతకాలు

ఆ రోజుల్లో హైదరాబాదులో సంతకం సంపాదించడం కంటే తేలికైన పని ఇంకొకటి లేదు. ప్రతి చౌరస్తాలో ఒక టెంటు, టెంటులో ఒక బల్ల, బల్ల మీద తెలంగాణ కావాలన్న వినతిపత్రం. దారిన పోయేవాళ్లు ఆగి మరీ సంతకం పెట్టి వెళ్లేవారు. సంతకాలు పెట్టించడంలో నా అంతటివాడు లేడని నేను మురిసిపోయింది కూడా సరిగ్గా ఆ రోజుల్లోనే.

అప్పటికి నాకు ఇరవై మూడేళ్లు. భీమవరం వైపు నుంచి వచ్చి, కొత్త మందులను మనుషుల మీద పరీక్షించే ఒక హైటెక్ సిటీ కంపెనీలో చేరాను. (మా అమ్మ మాత్రం ఇరుగుపొరుగుకు "సాఫ్ట్‌వేరే లెండి" అని చెప్పుకునేది.) షుగరు ఉన్నవాళ్లకు పరీక్ష సంగతంతా వివరించి, వాళ్లకు ఇష్టమైతేనే ఒప్పుకోలు పత్రం మీద సంతకం తీసుకోవడం నా పని. శుక్రవారానికి పదిమందైనా చేరకపోతే నా ఉద్యోగం పర్మనెంటు కాదని మేనేజరుగారు ముందే చెప్పారు.

బుధవారం బంద్. పనుల్లేక నానక్‌రామ్‌గూడలోని మా క్లినిక్కుకు జనం బాగానే వచ్చారు. నేను నోరు తెరిస్తే ముందు "అండి" వస్తుంది. ఊరంతా ఉడికిపోతున్న వేళ నా యాస విని ఎవరేమంటారోనని నా భయం. (ఎవరూ ఎప్పుడూ ఏమీ అనలేదు. అయినా భయపడేవాడికి కారణం ఎందుకు?) అందుకని తొమ్మిది పేజీల పత్రాన్ని తలెత్తకుండా, రైల్వే స్టేషన్లో ప్రకటనలాగా గడగడా చదివేసి, చివరి పేజీలో చోటు చూపించాను. గంటలో పదకొండు సంతకాలు వచ్చాయి.

మా క్లినిక్కులో పెద్ద సిస్టరు మెదక్ నుంచి వచ్చిన నర్సు. సూది పట్టుకునే ముందు, సంతకం పెట్టిన మనిషి చేతే సంగతంతా తిరిగి చెప్పించుకోవడం ఆవిడ పద్ధతి. అది చాదస్తమని నేను లోలోపల నవ్వుకునేవాణ్ణి. ఆ రోజు ముందుగా పహిల్వాన్ తాత (ఒకప్పుడు కుస్తీలు పట్టాడట) రక్తం ఇవ్వడానికి చెయ్యి చాపి కూర్చున్నాడు.

"తాతా, సంతకం ఎందుకు పెట్టినవ్?" అని అడిగారు సిస్టరు.

"తెలంగాణ ఇయ్యాలని గదమ్మా. ఇంకో రెండు పెట్టమన్నా పెడ్త."

మరి రక్తం ఎందుకని అడిగితే, తెలంగాణ కొట్లాటలో రక్తం ఇచ్చుడు ఏమంత పెద్ద ముచ్చటని తాతే ఎదురడిగాడు. వెనకున్న వాళ్లంతా అవునవునని తలలూపారు. సిస్టరు అడగకపోయి ఉంటే, ఏమిస్తున్నారో తెలియకుండానే ఆ పెద్దమనిషి ఒంట్లోకి పరీక్ష మందు వెళ్లిపోయేది.

సిస్టరు పదకొండు పత్రాలకూ అడ్డగీతలు కొట్టి తేదీ వేశారు. నేను శుక్రవారం సంగతి, నా ఉద్యోగం సంగతి గొణిగాను.

"తమ్మీ, నీ నౌకరీ నువ్వు కాపాడుకో, తప్పు లేదు. గానీ వీళ్ల పానం పెట్టి కాపాడుకోకు. గా కాయిదం పక్కన పెట్టి, మొఖం జూసి చెప్పు."

చెప్పాను, నా అండీలతోనే. మీరు వాడే మాత్రలు మానక్కర్లేదండి, వాటితోపాటు కొందరికి కొత్త మందు, కొందరికి మందు లేని ఉత్త మాత్ర ఇస్తారండి, ఎవరికి ఏది వస్తుందో మాకూ తెలియదండి, కళ్లు తిరగొచ్చండి, ఎప్పుడైనా మానేయొచ్చండి. తాత శ్రద్ధగా విన్నాడు. ఎవరికి ఏమిస్తున్నారో మీకే తెలియనప్పుడు నాకెందుకు ఈ పరేషానంటూ లేచాడు. వద్దన్నాడని సిస్టరు ముఖం చిట్లించలేదు. కూర్చోబెట్టి చాయ్ తాగించి, షుగరుకు వేళకు మాత్రలు వేసుకొమ్మని చెప్పి పంపారు. అంత గౌరవంగా "వద్దు" అనే మాటను అందుకున్న మనిషిని నేను మళ్లీ చూడలేదు. సాయంత్రానికి ఆ పదకొండుమందిలో ఒప్పుకున్నవాళ్లు నలుగురే.

శుక్రవారం మేనేజరుగారు లెక్క అడిగితే "నలుగురేనండి" అన్నాను. మిగతా లెక్క సిస్టరే చెప్పారు: "ఏడుగురు వద్దన్నరు సార్. అంటే మా తమ్ముడు సమజయ్యేటట్టే చెప్పిండు."

నన్ను మెచ్చుకున్నది ఆవిడొక్కరే. మేనేజరుగారు మరో మూడు నెలలు ప్రొబేషన్ పొడిగించి, ఆ ఉత్తర్వు మీద సంతకం పెట్టమన్నారు. నేను కుర్చీ లాక్కుని, మొదటి అక్షరం నుంచి చివరిదాకా చదివి, రెండు సందేహాలు అడిగి, ఆ తర్వాతే పెట్టాను. ఆయన పళ్లు నూరుతూ ఎదురుచూశారు. ఆ ఇరవై మూడేళ్ల కుర్రాణ్ణి తలుచుకుంటే ఇప్పటికీ నాకు నవ్వొస్తుంది, కాస్త ముద్దూ వస్తుంది.