పెరటి గుమ్మాల్లో ఓటడిగిన పెద్దమ్మ

మొన్న పొద్దున ఉయ్యూరు నుంచి ఫోనొచ్చింది, మా పక్కింటి పెద్దమ్మ పోయిందని. తొంభై దాటిన మనిషి, నిద్రలోనే వెళ్లిపోయిందట. నలుగురిలో నాకు నోరు పెగలదు. అందుకే ఈ నాలుగు ముక్కలు రాస్తున్నాను.

డెబ్బయ్యో దశకంలో ఆవిడ భర్త, మేం పెదనాన్న అని పిలిచే ఆయన, మా వార్డుకు పంచాయతీ మెంబరు. ఆయన హఠాత్తుగా పోయారు. ఖాళీ అయిన ఆ ఒక్క సీటుకు ఉప ఎన్నిక పెట్టారు.

"మీ పేరు చాలమ్మా, మీరు ఇల్లు కదలక్కర్లేదు" అన్నారు పెద్దమనుషులు. పెద్దమ్మ సరేనంది. మా వీధి ఆడవాళ్లు కాలువ నుంచి నీళ్లు మోయలేకపోతున్నారు, కుళాయి వేయించమని పెదనాన్నతో ఏళ్లుగా పోరింది ఆవిడే. తీరా రైసుమిల్లు ఆయన పోటీకి దిగాడు. ఇక కదలక తప్పలేదు.

మొగుడు పోయిన మనిషి ఎదురైతే కీడని అప్పటి నమ్మకం. మొదటిరోజు ఆవిడ వీధిలోకి రాగానే ఒక్కో తలుపూ మూసుకుంది. మాదీ అంతే.

మర్నాడు ఆవిడ పెరటి దారి పట్టింది. ఆడవాళ్ల రాకపోకలన్నీ అటే. అక్కడ శకునాల పట్టింపు ఉండేది కాదు. అమ్మ అంట్లు తోముతుంటే దడి దగ్గర నిలబడింది.

"ఏమే, నన్ను చూస్తే మీ అంట్లు కూడా మైలపడతాయా?"

"ఊరుకో అక్కయ్యా! ఆయన పొలానికి బయల్దేరుతున్నారని తలుపేశా."

"వేసుకో. ఓటు మాత్రం నాకెయ్. ఓటుకి బొట్టు అక్కర్లేదుగా."

అమ్మకు నవ్వాగలేదు. "ఆయన మిల్లాయనకి మాటిచ్చేశారే!"

"మాటిచ్చింది ఆయన. బిందె మోసేది నువ్వు."

పెద్దమ్మ గెలిచింది.

"అందరూ మాటిచ్చారు కదండీ!" అని మిల్లాయన నాన్నను నిలదీశాడు.

నాన్న కండువా దులుపుకున్నాడు. "నేను వేశానండీ. మా ఇంట్లో సంగతి నాకు తెలీదు."

పంచాయతీ మీటింగులకు ఆవిడే వెళ్లేది. కుళాయి రావడానికి చాలాకాలం పట్టింది, కానీ వచ్చింది. అయినా ఎవరైనా శుభమా అని బయల్దేరుతుంటే మాత్రం పక్కకు తప్పుకునేది. మెంబరయినా ఆ బెదురు పోలేదు.

నేను పంచదార ఫ్యాక్టరీలో పనికి చేరబోయే రోజు అమ్మ దడి మీంచి కేకేసింది. "అక్కయ్యా, వీడు బయల్దేరుతున్నాడు. కాస్త ఎదురు రా."

"నేనా? ముత్తయిదువలెవరూ దొరకలేదా?"

"నువ్వే రావాలి."

చేతులు కొంగుకు తుడుచుకుని వీధి చివరిదాకా వెళ్లింది పెద్దమ్మ. అక్కడినుంచి ఇటు తిరిగి, బోసి నుదుటి మీద పొద్దుటెండ పడుతుంటే, వీధి నడిమధ్యన నాకెదురుగా నడిచి వచ్చింది.