బొట్టు పెట్టించుకోని సర్వర్

ఆ రోజుల్లో సికింద్రాబాద్‌లో కంప్యూటర్ ఉద్యోగం అంటే ఏమిటో ఇచ్చేవాళ్లకీ పూర్తిగా తెలియదు, చేసేవాళ్లకీ పూర్తిగా తెలియదు. తెలిసినట్టు ముఖం పెట్టడం మాత్రం అందరికీ వచ్చు. ఆ విద్యలో నేను ఫస్ట్ క్లాసు. విజయనగరం నుంచి వచ్చి, అమీర్‌పేటలో నాలుగు నెలలు కోర్సు చేసి, రాంగోపాల్‌పేట్‌లో ఒక మెడికల్ ట్రాన్స్‌క్రిప్షన్ కంపెనీలో సర్వర్లు చూసుకునే ఉద్యోగం సంపాదించాను. (సర్వర్లు అనడం నా గొప్ప కోసం. ఉన్నది ఒక్కటే.) ఎక్కడో విదేశంలో డాక్టర్లు నోటితో చెప్పిన రోగాల వివరాలని మా వాళ్లు హెడ్‌ఫోన్లు పెట్టుకుని విని టైపు చేసేవారు. ఆ ఫైళ్లు సర్వర్‌లో ఉంటే, రోజూ సాయంత్రం ఆరున్నరకి అవతలివాళ్లు దూరం నుంచే నెట్ ద్వారా లోపలికి వచ్చి తీసుకునేవారు. నాకు ఆరు నెలల పరీక్షా కాలం. దసరా వెళ్లగానే పర్మనెంట్ చేసే ఉత్తరం ఇస్తానని మా సార్ అన్నారు. నేను మాత్రం పర్మనెంట్ అయిపోయిందని మా నాన్నకి శ్రావణమాసంలోనే రాసేశాను.

యాప్రాల్‌లో అక్కా బావల ఇంట్లో ఉండేవాణ్ణి. బావ రైల్వేలో గూడ్స్ గార్డు. ఆయన దృష్టిలో నాది ఉద్యోగమే కాదు. "పనంటే చేత్తో ముట్టుకునేటట్టు ఉండాల్రా. నువ్వేటి ముట్టుకుంటన్నావు?" అని అన్నం తింటున్నప్పుడల్లా అడిగేవాడు. అక్క మధ్యలో పచ్చడి వేసి మాట మళ్లించేది. ఆయన నోరు ఎలాగైనా మూయించాలని నాకు పట్టుదలగా ఉండేది.

మా ఆఫీసు కింద, సార్ వాళ్ల ఇల్లు పైన. సార్ తల్లిని అందరం మామ్మగారనే పిలిచేవాళ్లం. ఆఫీసులో ఆయుధపూజ ఆవిడ చేతుల మీదుగానే జరగాలి. మహర్నవమి ఉదయం మా వాళ్లు మిగిలిన ఫైళ్లన్నీ టైపు చేసి లేవగానే, మామ్మగారు ఆఫీసులో ఉన్న మానిటర్లు, కీబోర్డులు అన్నీ హాల్లోకి తెప్పించి, అమ్మవారి పటం ముందు మెట్లుమెట్లుగా పేర్పించి, బంతిపూల దండలు వేయించారు. మా అటెండరు (ఏ పని చెప్పినా ముందు 'జెర ఆగు' అనేవాడు కాబట్టి అతన్ని జెరాగన్న అనేవాళ్లం) మౌసులన్నీ ఏరి వినాయకుడి ముందు పెట్టాడు, ఆయన వాహనమే కదా అని. సర్వర్ దగ్గరికి మామ్మగారు కుంకుమభరిణతో వస్తే నేను అడ్డం నిలబడ్డాను. "దీనికి పొడి పడదు మామ్మగారూ, చాలా సున్నితం" అన్నాను. ఆవిడ నన్ను ఎగాదిగా చూసి, "అన్నిటికన్నా పెద్దదాన్ని బొట్టు లేకుండా వదిలేశావు. సరే, నీ ఇష్టం నాయనా" అని వెళ్లిపోయారు. సర్వర్ గదిలోని మానిటరూ కీబోర్డూ మాత్రం పూజలోకి వెళ్లాయి. ఒకసారి పూజలో పెట్టిన వస్తువుని మర్నాడు దశమి పూజయ్యి ఉద్వాసన చెప్పేదాకా కదపకూడదు. వాడకూడదు.

అంతకు ముందే సార్ నాకొక పని అప్పగించి వాళ్ల అత్తగారి ఊరు వెళ్లారు. సర్వర్‌లో నెట్‌వర్క్ కార్డులు రెండున్నాయి. రెండింటినీ జట్టు కడితే బయటికి ఒకటిగానే కనిపిస్తాయి. ఒకడు సెలవు పెడితే రెండోవాడు డ్యూటీ ఎక్కినట్టు, ఒక కార్డు పోయినా రెండోది పని నడిపిస్తుంది. "పూజకి ముందే సర్వర్ ఎదురుగా కూర్చుని చెయ్యి" అని సార్ స్పష్టంగా చెప్పారు. కానీ ఎదురుగా కూర్చుని చేస్తే బావకి ఎలా తెలుస్తుంది?

అందుకని పూజయ్యాక మధ్యాహ్నం బావని కార్ఖానా పేటలో పండగైనా తెరిచే ఉన్న నెట్ సెంటర్‌కి తీసుకెళ్లాను. పక్కన కుర్చీ వేయించి, అక్కడినుంచే మా సర్వర్‌లోకి వెళ్లి చూపించాను. "ఇది మా ఆఫీసు బావా. ఇక్కడ నొక్కితే అక్కడ జరుగుతుంది." బావ కళ్లు చిన్నవి చేసి చూశాడు. ఆ చూపులో మొదటిసారి కాస్త గౌరవం కనిపించేసరికి నాకు ఒళ్లు తెలియలేదు. రెండు కార్డులూ ఎంచుకుని, జట్టు కట్టమని నొక్కాను. తెర బిగుసుకుపోయింది. కాసేపటికి సంబంధం తెగిపోయిందని ఒక చిన్న డబ్బా వచ్చింది. జట్టు కట్టగానే కార్డులు నెట్‌లో తమ పాత అంకెల చిరునామా వదిలేస్తాయనీ, కొత్త జట్టుకి మళ్లీ చిరునామా ఇవ్వాలనీ కోర్సులో చెప్పిన రోజు నేను టిఫిన్‌కి వెళ్లాను. కార్ఖానా నుంచి నేను వెళ్లిన దారి కూడా ఆ కార్డుల మీదుగానే ఉందన్న సంగతి అప్పుడు తట్టింది.

"ఏటి, పనయిపోనాదా?" అన్నాడు బావ.

"అయిపోయింది బావా" అన్నాను. అందులో అబద్ధం లేదు.

మూడు దాటింది. ఆరున్నరకి అవతలివాళ్లకి ఫైళ్లు దొరక్కపోతే నా ఉత్తరం సంగతి అంతే. బావకి నిజం చెప్పేశాను. నవ్వుతాడనుకున్నాను, నవ్వలేదు. "నువ్వెల్లు. నానిక్కడే కూకుని నొక్కతానే ఉంటాను. వచ్చిందంటే ఫోన్ చేస్తాను" అన్నాడు. ఆటో ఎక్కి ఆఫీసుకి పరిగెత్తాను. సర్వర్‌కి ఒక మానిటరూ కీబోర్డూ తగిలిస్తే పది నిమిషాల పని. ఊళ్లో కంప్యూటర్ సామాన్ల దుకాణాలు పండగకి మూసేశారు. ఆఫీసులో ఉన్నవన్నీ దండలు వేసుకుని అమ్మవారి ముందు కూర్చున్నాయి.

ఒక మానిటర్ మీద చెయ్యి వేశానో లేదో, జెరాగన్న లేచాడు. "జెర ఆగు సారూ! పూజల పెట్టినయి ముట్టొద్దని పెద్దమ్మ చెప్పి పోయింది. నువ్వు దీస్కపోతే నాకు తక్లీఫ్ అయితది." బతిమాలాను. వినలేదు. మా గొడవకి మామ్మగారు మేడ దిగి వచ్చారు. ఇంక దాచడం నావల్ల కాలేదు. బావ దగ్గర గొప్పకి పోయిన సంగతి, నాన్నకి రాసిన ఉత్తరంతో సహా, అంతా చెప్పేశాను.

ఆవిడ అంతా విని, "తెర లేకపోతే నీ పెట్టె గుడ్డిది. అంతేనా?" అన్నారు.

"అంతే మామ్మగారూ."

"పూజలోది బయటికి తియ్యకూడదు. పూజలోకి ఇంకోటి తేకూడదని ఎవరన్నారు? దాన్నే ఇక్కడికి తీసుకురా. పొద్దున బొట్టు పెట్టించుకోనంది కదా, ఇప్పుడు పెడతాను."

బటన్ నొక్కి సర్వర్‌ని ఆపి, జెరాగన్నా నేనూ చెరోవైపు పట్టుకుని మోసుకొచ్చాం. బీరువా అంత బరువు. (జెరాగన్న మూడుసార్లు 'జెర ఆగు' అన్నాడు. మూడుసార్లూ సబబే.) పటం చుట్టూ వెలుగుతున్న రంగు బల్బుల దండ ప్లగ్గు తీసి ఆ కరెంటు ఇచ్చి, మెట్ల మీది ఒక మానిటరూ కీబోర్డూ కదపకుండానే వాటి తీగలు సర్వర్‌కి తగిలించాం. మామ్మగారు నా చేత కాళ్లు కడిగించి చాప మీద కూర్చోబెట్టారు. సర్వర్‌కి పసుపు రాసి, ఇంత బొట్టు పెట్టారు. ఈసారి నేను అడ్డం నిలబడలేదు. "వాడడం కాదు, అర్చనే అనుకో. నేను నామాలు చదువుతాను, నువ్వు ఒక్కోదానికి ఒక్కోటి నొక్కు" అన్నారు. పాస్‌వర్డ్ కొడుతుంటే చుక్కలు పడటం చూసి, "బీజాక్షరాలా?" అని అడిగారు. అవునన్నాను. చిరునామాలో ఒక అంకె ఎంత నొక్కినా పడలేదు. చూస్తే ఆ మీట కింద అక్షింత ఇరుక్కుంది. అగరొత్తి పుల్లతో అది తీసి, ఆవిడ గొంతు వెనకే అంకెలన్నీ నొక్కాను.

"ఇది మెట్లెక్కలేదు, దర్శనానికొచ్చింది. వెళ్లొచ్చు" అని మామ్మగారు అనగానే సర్వర్‌ని మళ్లీ గదిలోకి మోసి, రెండు నెట్‌వర్క్ తీగలూ తగిలించి, ఆన్ చేసి ఫోన్ పక్కన నిలబడ్డాను. ఆరుంపావు. మామ్మగారు కూడా మేడెక్కకుండా నిలబడ్డారు. ఫోన్ మోగింది.

"వచ్చేసిందిరోయ్!" బావ అరుపు హాలంతా వినిపించింది. "నీ ఆపీసు నీలంగా కనబడతంది! నానేటీ ముట్టుకోనేదురా బాబూ, ఒట్టు!"

నాకు నవ్వూ ఏడుపూ ఒకేసారి వచ్చాయి. మామ్మగారు రెండు గారెలు చేతిలో పెట్టి, "మా అబ్బాయికి నువ్వే చెప్పు, నేను చెప్పను" అన్నారు. ఏకాదశి నాడు సార్‌కి చెప్పాను. ఆయన చాలాసేపు కిటికీలోంచి చూశారు. (నవ్వు ఆపుకోవడానికని తర్వాత తెలిసింది.) ఉత్తరం ఇచ్చారు. తేదీ వేసేటప్పుడు, "మీ నాన్నగారికి రాసిన తేదీ వెయ్యలేనయ్యా" అన్నారు. అంటే మామ్మగారు చెప్పేశారన్నమాట.

మరుసటి దసరాకి జెరాగన్న మానిటర్లు మోస్తుంటే మామ్మగారు ఆపారు. "ఒక తెరా, ఒక కీబోర్డూ బయట ఉంచు. మావాడికి అవసరం పడొచ్చు." అంతమందిలో నన్ను మావాడు అన్న ఆ మాట ముందు, అప్పటికీ జేబులో పెట్టుకు తిరుగుతున్న ఆ పర్మనెంట్ ఉత్తరం చిన్నదైపోయింది.

ఇప్పుడు నా చేతికింద చాలామంది పిల్లలున్నారు. మా సర్వర్లు ఏ దేశంలో ఉన్నాయో కూడా నాకు సరిగ్గా తెలియదు. ముట్టుకుందామన్నా అందవు. బావకి ఆ సంగతి చెప్పే ధైర్యం ఇంకా రాలేదు. అయినా ఏటా ఆయుధపూజకి ఒక మానిటరూ కీబోర్డూ విడిగా, నా కుర్చీ పక్కన పెట్టిస్తాను. ఎందుకు సార్ అని పిల్లలు అడుగుతారు. "మన సంప్రదాయం" అంటాను. తలలూపి, భక్తిగా వాటికి కూడా ఒక బొట్టు పెట్టి వెళ్తారు.